గుర్రాల పెద్ద నాగప్ప

షట్‌డౌన్ మొదలైన రోజున నాగప్ప తల మీదికి తెల్ల హెల్మెట్ వచ్చింది. ముందు రోజు దాకా అది నీలం. ఆ కంపెనీలో నీలం పెట్టుకున్నవాడు వింటాడు. తెల్లది పెట్టుకున్నవాడు చెబుతాడు.

గల్ఫ్ తీరాన రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటులో కొన్నేళ్ళకోసారి ఒక భాగాన్ని ఆపేసి, గొట్టాలు విప్పి, లోపల మనుషులు దిగేంత పెద్ద తొట్లు కడిగి, అరిగినవి మార్చి మళ్ళీ నడిపిస్తారు. షట్‌డౌన్ అంటే అదే. ఆ కొద్ది వారాలకు కంపెనీ మామూలు పెద్దల్ని పక్కన పెట్టి ఒకే మనిషికి పెత్తనం ఇస్తుంది. కూలీలు, బస్సులు, తిండి, నిద్ర అన్నీ అతని మాట మీద నడవాలి. పని ముగిసిన రోజున అతని పెత్తనమూ ముగుస్తుంది. ఈసారి ఆ మనిషి రఫీయుద్దీన్.

రఫీయుద్దీన్‌ది బోధన్. గల్ఫ్‌కు రాకముందు అక్కడ జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పాడు. కాంట్రాక్టు ఉద్యోగం, ఒక వేసవిలో పోయింది. ఇక్కడికి వచ్చాక గోదాములో సామాను చూశాడు, క్యాంపు చూశాడు, మెల్లగా పైకి వచ్చాడు. తక్కువ మాట్లాడతాడు. చరిత్ర వస్తే మాత్రం ఆగడు.

కూలీలు ఉండే అల్ ఖోర్ క్యాంపు ఆఫీసులో అతను నాగప్పను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"రేపటి సంది నువ్వే నా డిప్యూటీ."

నాగప్ప వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నేను బస్సు తోలేవాన్ని సార్."

"అందుకే. నాకు తోలరాదు."

అది క్యాంపంతా ఎరిగిన సంగతే. రఫీయుద్దీన్ డ్రైవింగ్ పరీక్షకు ఎన్నిసార్లు పోయాడో అతనే లెక్క మానేశాడు. చివరిసారి పరీక్ష తీసుకునే ఆయన మధ్యలోనే కారు దిగి నడిచి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు.

"రోమ్ తెలుసా నీకు?"

"పోపుగారు ఉండేది గదా సార్."

"ఆయన చాన ఎనక వచ్చిండు. అంతకన్న ముందటి ముచ్చట. ఊరికి కష్టమొస్తే పెద్దలందర్ని పక్కకు పెట్టి ఒక్కని చేతిల పెడుతురు. మస్తంటే ఆర్నెల్లు. డిక్టేటర్ అంటరు. ఇప్పుడా మాట తిట్టు. అప్పుడు నౌకరి. కుర్సీల కూసున్నంక వాడు చేసే మొదటి పని ఏంది? డిప్యూటీని పెట్టుకునుడు. జనం ఓట్లేసేది లేదు, వాడే ఏరుకుంటడు. ఆ డిప్యూటీకి పేరు, గుర్రాల పెద్ద."

"గుర్రాలు యాల సార్?"

"గుర్రాల దండు వాని చేతికిందిది. డిక్టేటర్ గుర్రం ఎక్కొద్దు. కానూన్. జనాన్నడిగి పర్మిషన్ తెచ్చుకుంటే తప్ప నడిచే దండుతోనే ఉండాలె."

నాగప్ప కొంచెం ఆలోచించాడు. "అంటే ఆయప్పకూ లైసెన్సు లేదు."

రఫీయుద్దీన్ నవ్వాడు. అతను నవ్వడం నాగప్ప అంతకుముందు చూడలేదు.

"గుర్రాల పెద్దకు దర్జా ఉండె బై. ఆరుగురు మనుషులు కట్టెల మోపులు పట్టుకొని ముందర నడుస్తుండిరి."

"నాకూ ఆరు మంది డ్రైవర్లు ఉండారు సార్. కట్టెలే లేవు."

"ఉన్న మాట చెప్త, ఇను. డిక్టేటర్ దిగిపోయిన దినమే వీడు కూడ దిగాలె. వీనికి సొంత అధికారమని ఏం లేదు. పెద్దోడు లేని కాడ పెద్దోని మాట నిలబెట్టుడే వీని పని. నేనున్నన్ని దినాలే నువ్వు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నీ పని చూసి కంపెనీ ఉంచుకుంటే ఉంచుకుంటది."

నాగప్ప బయటికి వచ్చి ఆ చివరి మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఉంచుకుంటే ఉంచుకుంటది.

అతనిది రాయదుర్గం పక్క పల్లె. కుర్రతనంలో బళ్ళారి గనుల మన్ను లారీలు తోలాడు. గనులు మూతపడ్డాక దోహాకు హౌస్ డ్రైవర్‌గా వచ్చి అల్ తుమామాలో ఒక ఇంట్లో కుదిరాడు. పిల్లల్ని బడిలో దించడం, బడి బయట కారులో కాచుకోవడం, తీసుకురావడం. యల్లా అంటే కదలాలి, ఖలాస్ అంటే ఆగాలి. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అయితే అన్నేళ్ళలో 'నువ్వేమంటావు' అని ఎవరూ అడగలేదు. తర్వాత పెద్ద బండి లైసెన్సు తీసుకుని ఈ కంపెనీ బస్సెక్కాడు. ఇక్కడా ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ళు దాటాక మొదటిసారి ఒక మనిషి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాడు. తెల్ల హెల్మెట్ షట్‌డౌన్‌తో పోకూడదని నాగప్ప గట్టిగా అనుకున్నాడు. అంత గట్టిగా అతను దేన్నీ కోరుకున్నది లేదు.

భార్య రామసుబ్బమ్మ రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. ఫోనులో ఎప్పుడూ ఆమె మాటకు ముందు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది.

"ఏమప్పా, ఆఫీసరువైతివంట?"

"ఆఫీసరు గాదు. డిప్యూటీ."

"అట్లంటే?"

"పెద్దాయన లేనప్పుడు పెద్దాయన మాదిరి."

"మా షెడ్డులో సూపర్‌వైజర్ లేనప్పుడు ఆయప్ప తమ్ముడు అరుస్తాడు. అట్లనా?"

"అట్లా కాదులేమ్మే."

"కాకపోతే మంచిదే. నేనైతే అందరికీ చెప్పేసినా."

డ్రైవర్లకు రోమ్ కథ ఎలా తెలిసిందో గాని, తెల్లారేసరికి తెలిసిపోయింది. రాజోలు నుంచి వచ్చిన గిరి బస్సు తలుపు పట్టుకుని వంగి దండం పెట్టాడు.

"గుర్రాల పెద్ద గారూ, మా గుర్రానికి ఏసీ పన్జేయట్లేదండి. ఏదైనా చూడండి."

కడప జిల్లా తిరుపాలు మాత్రం నవ్వలేదు. అతను ఏది చెప్పినా నమ్ముతాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. "ఆరు మంది ముందర నడ్సల్ల గదన్నా, బస్సులు ఎవరు తోల్తారు మరి?" అని నిజంగానే అడిగాడు.

రఫీయుద్దీన్ పెట్టిన నియమాలు కొద్ది. అందులో ఒకటి మంచు గురించి. చలికాలం తెల్లవారుజామున సముద్రం మీది నుంచి మంచు వచ్చి రోడ్డును మింగేస్తుంది. క్యాంపు గేటు దగ్గర నిలబడి చూస్తే బయట రోడ్డు పక్కన వరసగా దీపస్తంభాలు ఉంటాయి. మూడో స్తంభం కనబడితేనే బస్సు గేటు దాటాలి. కనబడకపోతే ఎవరు ఫోన్ చేసినా, ఎంత ఆలస్యమైనా దాటకూడదు. రఫీయుద్దీన్ ఒకప్పుడు మంచులో బోల్తా పడిన బస్సును చూశాడు. ఎక్కడ, ఎప్పుడు అని ఎవరికీ చెప్పలేదు. ఆ నియమం చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు మారేది.

షట్‌డౌన్ సగానికి వచ్చింది. గేటు పాసుల గడువు పెంచాలంటే రఫీయుద్దీన్ దోహా ఆఫీసుకు పోవాలి.

"కోళ్ళను అడిగొస్త," అన్నాడు కారు ఎక్కుతూ.

"కోళ్ళేంది సార్?"

"రోమోళ్ళు యుద్ధానికి పోయేముందు కోళ్ళకు గింజలేస్తుండిరి. తింటే శకునం మంచిది. పాపిరియస్ అని ఒక డిక్టేటర్ ఉండె. యుద్ధం నడుమ శకునం సరిగ లేదని అనుమానమొచ్చి మళ్ళ చూపించుకునేటందుకు రోమ్‌కు వాపస్ పోయిండు. పోయేముందు వాని గుర్రాల పెద్దకు, ఫాబియస్ అంటరు, గట్టిగ చెప్పిండు. నేనొచ్చే దాక కదలకు, కయ్యం పెట్టుకోకు అని."

"ఆయప్ప ఊరకున్నాడా?"

"లేదు. పోయిండు, కొట్లాడిండు, గెలిచిండు. మస్తు గెలిచిండు."

"మంచిదే కదా సార్. తర్వాత?"

టాక్సీవాడు హారన్ కొట్టాడు. "తర్వాత వచ్చినంక చెప్త," అన్నాడు రఫీయుద్దీన్. "దోహాలనే, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ల మా బామ్మర్ది ఇంట్ల పండుకొని రేపొస్త. మూడో స్తంభం యాదుంచుకో."

మర్నాడు తెల్లవారుజామున నాగప్ప గేటు దగ్గరికి వచ్చేసరికి మూడో స్తంభం లేదు. రెండోదీ లేదు. మొదటిది ఉన్నచోట పసుపు మరక ఒకటి గాలిలో వేలాడుతోంది.

ఆరు బస్సులూ నిండిపోయి ఉన్నాయి. కిటికీ అద్దాల వెనక తలలు వాలిపోయి నిద్రపోతున్నాయి. ఇంజన్లు మెల్లగా గొణుగుతున్నాయి. నాగప్ప ఆపమన్నాడు. ఆపారు. కాచుకున్నారు. మంచు తగ్గలేదు. తెల్లవారింది గాని, చీకటి స్థానంలో తెలుపు వచ్చింది, అంతే.

ప్లాంటు నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి డ్యూటీ చేసిన జహాంగీర్, జగిత్యాలవాడు. తొట్టిలో మనుషులు పని చేస్తున్నంతసేపు పైన మూత దగ్గర నిలబడి, లోపల ఎవరున్నారో చూస్తూ ఉండడం అతని పని. తన చోటికి ఇంకొకడు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకూడదు.

"అన్నా, బస్సులేవే? మాకు దిగే దారి లేదు. లోపలోళ్ళు ఇంక పనిలనే ఉన్నరు. నేను నిలబడే నిద్రపోతున్న. ఇందాక నా పక్కనోడు రెయిలింగు మీదికి ఒరిగిండు. ఈ ఫోన్ చేసేటందుకు ఇంకోణ్ణి బతిమిలాడి నిలబెట్టొచ్చిన."

"మంచు జహాంగీరూ. ఒక్క స్తంభం గూడా కనపల్యా."

"స్తంభాలు లెక్కపెట్టుకుంట కూసో అన్నా నువ్వు. ఈడ మనుషుల్ని లెక్కపెట్టేటోడు పడిపోతుండు."

నాగప్ప రఫీయుద్దీన్‌కు ఫోన్ చేశాడు. ఫోన్ మోగింది. అతని వెనకే, ఆఫీసు గదిలో, బల్ల సొరుగులో మోగింది. రఫీయుద్దీన్ ఫోన్ మరిచి వెళ్ళాడు. బావమరిది నంబరు ఎవరి దగ్గరా లేదు.

కంపెనీ మేనేజరుకు చేశాడు. ఆయన నిద్ర గొంతుతో, "చూడు, జాగ్రత్తగా పోగలిగితే పో. కానీ నేను పంపించానని మాత్రం అనకు," అని పెట్టేశాడు.

నాగప్ప గేటు దగ్గర నిలబడ్డాడు. పెద్దాయన ఉంటే ఏమంటాడో అతనికి స్పష్టంగా తెలుసు. జహాంగీర్ నిలబడే నిద్రపోతున్నాడన్నదీ అంతే స్పష్టంగా తెలుసు. మధ్యలో ఇంకొకటి కూడా ఉంది. తన మీద తనకు కలిగిన నమ్మకం. బళ్ళారి ఎర్రదుమ్ములో ముందు బండి కనబడకుండానే ఏళ్ళ తరబడి లారీ తోలిన మనిషి తను. ఇది ఒక లెక్కా అనిపించింది.

డ్రైవర్లను పిలిచాడు.

"నేను పికప్ తీసుకొని ముందర పోతా. మీరంతా వరసగా నా ఎనకాల. నడిచినట్ల పోవల్ల. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి ఎయ్యద్దండి, ఎవరు యాడ తిరిగేదీ తెలీదు. ముందు బండి ఎర్ర లైటు ఇడవద్దు. ఏమైనా సరే, ఆ లైటు ఇడవద్దు. అర్థమాయనా?"

"మరి మూడో స్తంభం?" అన్నాడు గిరి.

"నాకు తెలుసు."

"సార్ చెప్పారు కదండీ..."

"చెప్పినాడు. నేనే పోతాండా. మాట వస్తే నాకే వస్తాది."

బయల్దేరారు. పికప్ కిటికీ దించి, తల బయట పెట్టి, రోడ్డు అంచు తెల్ల గీత చూస్తూ నాగప్ప నడిపాడు. మంచు ముఖానికి తడిబట్టలా అతుక్కుంది. కుడి పక్క ఎక్కడో సముద్రం, ఎడమ పక్క ఎడారి. రెండూ ఒకటే తెలుపు. అద్దంలో వెనక బస్సు దీపాలు తప్ప ఏమీ లేవు. రౌండ్ అబౌట్ దగ్గర పెద్ద బండి ఒకటి పక్క నుంచి ఉరుముతూ పోయినట్టు వినిపించింది. కంటికి మాత్రం కనబడలేదు.

ప్లాంటు గేటు దీపాలు ఉన్నట్టుండి నెత్తి మీద వెలిగాయి. చేరారు.

ఆ ఉదయం వేరే ఏ కంపెనీ మనుషులూ రాలేదు. షిఫ్టు చూసే ప్లాంటు ఆఫీసరు పరుగున వచ్చి నాగప్ప వీపు చరిచాడు. షాబాష్ అన్నాడు. ఫోటో తీయమని ఎవరినో పిలిచాడు. జహాంగీర్ మెట్ల మీద నుంచి రెయిలింగు పట్టుకుంటూ దిగివచ్చి, నాగప్ప చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. నాగప్ప ఛాతీలో ఏదో వెచ్చగా విచ్చుకుంది. గెలవడం ఇలా ఉంటుందన్నమాట, అనుకున్నాడు.

అప్పుడు బస్సులు లెక్కపెట్టాడు. అయిదే ఉన్నాయి.

చివరి బస్సు తిరుపాలుది. ప్లాంటులోకి కెమెరా ఫోన్లు పోనివ్వరు కాబట్టి డ్రైవర్లూ, కూలీలూ అందరూ ఫోన్లు క్యాంపులోనే వదిలి వస్తారు. ఒక్క నాగప్ప దగ్గరే కెమెరా లేని బొత్తాల ఫోన్ ఉంది. తిరుపాలు బస్సు నిండా మనుషులున్నారు, ఒక్కరి దగ్గరా ఫోన్ లేదు.

నాగప్ప పికప్ తిప్పాడు. ఆఫీసరు ఇంకా షాబాష్ అంటూనే ఉన్నాడు.

వచ్చిన దారినే వెనక్కి పోయాడు. కొంచెం పోయి, ఆపి, దిగి, చెవి పెట్టి వినేవాడు. హారన్ కొట్టేవాడు. జవాబు లేదు. రోడ్డు అంచున టైరు గీతలేమైనా ఇసుకలోకి దిగాయా అని వంగి చూశాడు. బోల్తా పడిన బస్సు ఎలా ఉంటుందో అతను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ప్రతి మలుపులోనూ కనబడింది. చక్రాలు పైకి లేచి, కిటికీల్లో తలలు. రఫీయుద్దీన్ గొంతు ఎందుకు మారేదో ఆ ఉదయం నాగప్పకు తెలిసింది.

రౌండ్ అబౌట్ దగ్గరికి వచ్చేసరికి మంచుకు చిల్లులు పడడం మొదలైంది. అక్కడ ఇసుకలోకి మట్టిబాట చీలింది. ఆ బాట మీద బరువైన టైర్ల గీతలు రెండు జతలు. నాగప్ప ఆ బాట పట్టాడు. ఎండ పొరలు పొరలుగా దిగుతోంది. దూరంగా రేకుల కంచె, నీళ్ళ ట్యాంకరు, దాని వెనక తెల్ల బస్సు.

అది ఒంటెల దొడ్డి. బస్సు నిలువునా, నాలుగు చక్రాల మీద ఉంది. కూలీలు ఇసుకలో గొంతుక్కూర్చుని స్టీలు గిన్నెలు ఒకరి చేతి నుంచి ఇంకొకరికి ఇచ్చుకుంటూ తాగుతున్నారు. సూడాన్ కాపరి ఒకాయన ఒంటె పక్కన ఒంటికాలి మీద నిలబడి, ఇంకో గిన్నె పితుకుతూ నవ్వుతున్నాడు. ఒక ఒంటె బస్సు అద్దంలో తన ముఖం చూసుకుంటోంది.

తిరుపాలు పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు చెప్పినట్లే చేసినా కదన్నా! లైటు ఇడవద్దంటివి. ఇడవలా. రౌండ్ అబౌట్ కాడ ఎర్ర లైటు ఇట్ల తిరిగె, నేనూ ఇట్లనే తిరిగితి. ఆ ట్యాంకరోడు ఆపి దిగి, నా ఎనకాల యాల వస్తాండావురా అని అరబ్బీలో తిడ్తాంటే అప్పుడు తెల్సె నాకు, అది గిరి బస్సు గాదని."

నాగప్ప కూలీలను ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. ఎవరూ తక్కువ కాలేదు. కాపరి దగ్గరికి వచ్చి, అతని చేతిలో వెచ్చటి గిన్నె పెట్టాడు. నురుగు మీద ఒక వెంట్రుక తేలుతోంది. నాగప్ప తాగాడు.

"తిరుపాలూ, నీ తప్పేమీ లేదు."

"నాకు తెలుసన్నా," అన్నాడు తిరుపాలు.

మధ్యాహ్నానికి క్యాంపంతా ఒకటే మాట. ప్లాంటువాళ్ళు మెచ్చుకుంటూ మేనేజరుకు కబురు పెట్టారు. మేనేజరు, తనే పంపించానన్నట్టుగా, నాగప్పకు ఫోన్ చేసి అభినందించాడు. షట్‌డౌన్ అయ్యాక తెల్ల హెల్మెట్ తీయనక్కరలేదన్నాడు. సూపర్‌వైజరు కుర్చీ ఒకటి ఖాళీ ఉందన్నాడు.

గిరి నాగప్పను పక్కకు లాగాడు. "ఆ ఒంటెల సంగతి మనం మర్చిపోదావండి. బస్సు లేటయ్యింది, అంతే. తిరుపాలు చెప్పడు. చెప్తాడా? సర్లెండి, వాడి నోరు నేను చూస్కుంటాను."

"ఎవరి నోరూ చూడాల్సిన పని లేదు గిరీ. నేనే చెప్తా."

"ఎందుకండీ బాబూ! కుర్చీ చేతికొచ్చాక కాలితో తంతారా?"

నాగప్ప ఆఫీసు దగ్గరికి పోయి రఫీయుద్దీన్ కోసం కాచుకున్నాడు.

రఫీయుద్దీన్ బావమరిది కారులో వచ్చి దిగాడు. మెప్పు సంగతి గేటు దగ్గరే విన్నాడు. ఆఫీసులోకి వచ్చి, సొరుగు తీసి, ఫోన్ చూశాడు. దాని నిండా నాగప్ప పిలుపులే.

"కూసో."

నాగప్ప కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. జహాంగీర్ ఫోన్, మొదటి స్తంభం, ఎర్ర లైటు, ట్యాంకరు, దొడ్డి. ఏదీ తగ్గించలేదు, ఏదీ పెంచలేదు. గెలవడం బాగుండిందని కూడా చెప్పాడు.

రఫీయుద్దీన్ ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు.

"ఫోన్ మరిచింది నేను. సగం తప్పు నాది."

"ఫోను దొరికింటే ఏమి చెప్పింటారు సార్?"

"పోవద్దంటుంటి."

"అది నాకు తెలుసు. తెలిసే పోయినా. సగాలేమీ లేవు సార్."

తలుపు దగ్గర అలికిడి. డ్రైవర్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక జహాంగీర్, స్నానమైనా చేయకుండా. తిరుపాలు అందరికన్నా ముందున్నాడు.

"సార్, నాగప్పన్నను ఏమనాకండి సార్. ఎవ్వరికీ ఏమీ కాలా. పాలు గూడా తాగినాం."

"పాలేంది?" అని జహాంగీర్ గిరిని గుసగుసగా అడిగాడు. గిరి వాడి కాలు తొక్కాడు.

రఫీయుద్దీన్ వాళ్ళను చూసి, నాగప్పను చూశాడు. "అచ్చం గిట్లనే వచ్చిండ్రు రోమ్‌ల కూడ."

"ఆ కథ చివరికి ఏమాయ సార్? చెప్తానంటిరి."

"పాపిరియస్ ఉరుక్కుంట వాపస్ వచ్చిండు. గెలిచినవా ఓడినవా అని అడుగలేదు. నేను కదలొద్దన్ననా లేదా అని అడిగిండు. తల తీయమన్నడు. దండు తిరగబడ్డది. ఫాబియస్ తండ్రి వచ్చి మొత్తుకున్నడు. ఆఖరికి రోమ్ జనమంత బతిమిలాడిండ్రు. అప్పుడు పానం ఇడిచిపెట్టిండు. పదవి మాత్రం పేరుకే మిగిలింది, దాని మీద ఏ పనీ చేయొద్దన్నడు."

"గెలిచినాక గూడానా?" అన్నాడు తిరుపాలు.

"గెలిచినందుకే. ఓడినోణ్ణి చూసి ఎవ్వడూ నేర్వడు. గెలిచినోణ్ణి చూసి అందరు నేరుస్తరు." రఫీయుద్దీన్ ఊపిరి వదిలాడు. "అయితే నేను పాపిరియస్‌ను కాను. ఈ పని ముగిసే దాక నువ్వు నాకు కావాలె నాగప్పా. కంపెనీ కూడ ఉంచుకుంటనంటున్నది. ఈసారికి పోనీ."

నాగప్ప తెల్ల హెల్మెట్ తీశాడు. చెమటకు నుదుటి మీద దాని గీత పడి ఉంది. హెల్మెట్‌ను బల్ల మీద, ఫోన్ పక్కన పెట్టాడు.

"వద్దు సార్. మీ మాట దాటినా బస్సులు చేరినాయని ఈళ్ళంతా చూసినారు. రేపు మళ్ళా మంచు పడితే నేను ఆగమన్నా ఆగరు. 'నువ్వు పోలేదా' అంటారు. ఏమని చెప్పల్ల నేను? ఈ టోపీ నా నెత్తి మీద ఉన్నంత కాలం ఆ మూడో స్తంభం ఉండి గూడా లేనట్లే."

"ఆ కుర్సీ మళ్ళ రాదు."

"తెలుసు."

నాగప్ప తలుపు దగ్గరున్న జహాంగీర్‌ను చూశాడు.

"ఇంకొకటి సార్. జహాంగీర్ చెప్పింది అబద్ధం గాదు. మంచు వచ్చేటట్లుంటే ముందు రోజు సాయంత్రమే పొద్దుటి డ్యూటీవాళ్ళు కొందరిని అక్కడికే తోలి పండబెట్టల్ల. డేరా ఏస్తే చాలు, మంచాలు నేను మోస్తా. అప్పుడు బస్సు ఆగినా మనిషి నిలబడి నిద్రపోడు. ఇది నేను నిన్ననే ఆలోచించల్ల. ఆలోచించలేదు."

రఫీయుద్దీన్ తలూపాడు. తెల్ల హెల్మెట్ చేతిలోకి తీసుకుని తలుపు వైపు చూశాడు. గిరి తల దించుకున్నాడు. రఫీయుద్దీన్ లేచి వెళ్ళి దాన్ని తిరుపాలు చేతిలో పెట్టాడు.

"నాకా సార్? ఒంటెల కాడికి పోయింది నేనే సార్!"

"చెప్పిన లైటు ఇడవలేదు నువ్వు. నేను సరైన లైటు చూపిస్తే సరిపోతది."

ఆ సాయంత్రం రామసుబ్బమ్మ ఫోన్ చేసింది. ముందు మిషన్ల చప్పుడు, తర్వాత ఆమె.

"టోపీ ఇచ్చేసినా," అన్నాడు నాగప్ప.

"పీకినారా?"

"నేనే ఇచ్చినా."

మిషన్లు కాసేపు కుట్టాయి.

"తప్పు చేసినావా?"

"చేసినా."

"ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"కాలేదు."

"అయితే షెడ్డులో ఏమి చెప్పల్ల నేను?"

"బస్సు తోల్తాండాడని చెప్పు."

"అది చెప్పి ఎన్నేండ్లాయ. కొత్తగా చెప్పేదేముంది?" అని, "బువ్వ తిన్యావా?" అంది.

షట్‌డౌన్ చివరి వారంలో మళ్ళీ మంచు పడింది. ముందు సాయంత్రమే డేరాలో మంచాలు నిండాయి, మూత దగ్గర జహాంగీర్ చోట నిద్రపోయి లేచిన మనిషి నిలబడ్డాడు. అయినా ప్లాంటు ఫోన్ ఆగలేదు. మిగతా వాళ్ళను పంపించండి, పోయినసారి వచ్చారు కదా, ఇప్పుడేమైంది అని.

తిరుపాలు గేటు దగ్గర నిలబడ్డాడు. తెల్ల హెల్మెట్ అతనికి కొంచెం పెద్దది, కళ్ళ మీదికి జారుతోంది. ఎదురుగా మొదటి స్తంభం కూడా లేదు. వేరే కంపెనీ బస్సులు రెండు, నాలుగు ఇండికేటర్లూ మిణుకు మిణుకుమంటూ, గేటు ముందు నుంచి పోయి తెలుపులో కలిసిపోయాయి.

"వాళ్ళెళ్ళిపోతున్నారండీ," అన్నాడు గిరి, తిరుపాలుతో కాదు, నాగప్పతో.

నాగప్ప నీలం హెల్మెట్ పెట్టుకుని బస్సులో స్టీరింగు ముందు ఉన్నాడు. అందరూ అతని వైపే చూశారు. తిరుపాలు కూడా చూశాడు.

నాగప్ప ఇంజను ఆపాడు. తాళంచెవి తీశాడు. బస్సు దిగి, తడి ఇసుక మీద నడిచి వచ్చి, దాన్ని తిరుపాలు చేతిలో పెట్టాడు.

"నువ్వు పొమ్మనేటప్పుడు ఇయ్యి," అన్నాడు.

గిరి ఒక క్షణం తటపటాయించి తనదీ తెచ్చిచ్చాడు. ఒకరి తర్వాత ఒకరుగా ఇంజన్లు ఆగిపోయాయి. తిరుపాలు రెండు చేతుల నిండా తాళాలతో, జారే హెల్మెట్‌ను సర్దుకోవడానికి చేయి లేక, తల వెనక్కి ఎత్తి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. నాగప్ప అతని పక్కన, ఒక అడుగు వెనగ్గా నిలబడ్డాడు.

చాలాసేపటికి మొదటి స్తంభం కనబడింది. ఎవరూ కదల్లేదు.